ఇయ్యాల ఏటకెల్లం

తెల్లవారుజామున నాలుగున్నర. విశాఖ పెదజాలారిపేట ఇసుకలో పడవలు వరసగా ఒరిగి ఉన్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆకు కదిలే గాలి కూడా లేదు. నాలాంటివాడు చూస్తే ఇంతకన్నా మంచిరోజు దొరకదనుకుంటాడు. కుర్రాళ్లు వలలు మోసుకొస్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం నీళ్ల అంచున గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తూ అలల వైపే చూస్తున్నాడు. ఒక అల విరిగాక మరో అల విరగడానికి ఎంతసేపు పడుతోందో లెక్క కట్టుకుంటున్నాడని నాకు తరవాత తెలిసింది. చుట్ట అయిపోయింది. లేచి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని, "ఇయ్యాల ఏటకెల్లం" అన్నాడు.

కుర్రాళ్లు మారుమాట లేకుండా వలలు దించేశారు. నేనే ఉండబట్టలేక అడిగాను: "ఎందుకు తాతా? ఆకాశం శుభ్రంగా ఉంది కదా."

"ఆకాశం కాదు బాబూ, అల సూడు. గాలి నేకుండా ఇంతేసి అల ఎందుకొస్తాది? ఎక్కడో లోపల ఏదో అవతంది."

మర్నాడు పేపర్లో వాయుగుండం వార్త వచ్చింది. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారు. దూరాన పుట్టిన తుఫాను పంపే పొడవాటి అలలు తుఫాను కన్నా వేగంగా ప్రయాణం చేసి తీరానికి ముందే చేరతాయి. సముద్రశాస్త్రం పుస్తకాల్లో ఉన్న సంగతే ఇది. ఆ పెద్దాయన దాన్ని చుట్ట కాలేంతసేపట్లో చదివాడు. అయితే ఆ రోజు నన్ను ఎక్కువగా ఆపింది ఆయన జ్ఞానం కాదు, "ఎల్లం" అన్నప్పటి ఆ గొంతు. అందులో విచారం లేదు, మొహమాటం లేదు. ఆ పూట కూలి పోయిందన్న బెంగ ఉండే ఉంటుంది. దాన్ని మాత్రం నిర్ణయంలోకి రానివ్వలేదు.

అలాంటి 'ఎల్లం' పైలట్లూ నేర్చుకోవాలి. ఈ అధ్యాయం తేలికపాటి విమానం నడపాలనుకునేవాళ్ల కోసం. విశాఖలో అలాంటి పిల్లలు తక్కువేం లేరు. నేవీ డోర్నియర్ విమానం తలమీదుగా వెళ్తే మేడమీదికి పరిగెత్తినవాళ్లు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో పేరు రాయించుకున్నవాళ్లు, శిక్షణ కోసం వేరే ఊళ్లకు వెళ్లి సెలవులకు ఇంటికొచ్చేవాళ్లు. మన వైమానిక దళం, నౌకాదళం, ఎన్‌సీసీ అవసరాల కోసం 2015లో స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ కంపెనీతో 194 చిన్న విమానాలకు ఒప్పందం కుదిరింది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే విమానం అది. అలాంటి సీట్లో మొదటిసారి కూర్చోబోయే వాళ్లతో నేను మాట్లాడాలనుకున్నది యంత్రం గురించి కాదు, గాలి గురించి.

ముందు బరువు సంగతి. 2004లో అమెరికా 'లైట్ స్పోర్ట్' అనే తరగతిని ఏర్పరిచినప్పుడు, మనుషులతో ఇంధనంతో కలిపి 600 కిలోలు దాటకూడదని పెట్టింది. మన వీధుల్లో తిరిగే చిన్న మారుతి కారు ఖాళీగా తూగినా అంతకన్నా ఎక్కువే. మనం ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 నిండా నింపుకుని లేచేటప్పుడు సుమారు 78 టన్నులు, అంటే 130 రెట్లు. పెద్ద విమానంలో కాఫీ కప్పు వణికించే గాలి, చిన్న విమానాన్ని రన్‌వే పక్కకు నెట్టేయగలదు. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పది నాట్ల గాలిలో హాయిగా దిగిన పైలట్ ఇరవై నాట్లంటే 'ఇంకాస్త' అనుకుంటాడు. ఆ 'ఇంకాస్త' నాలుగింతల తోపు.

ఇక మన ఊరి దగ్గరికి వస్తాను. వాతావరణం చదవడం నేర్చుకోవడానికి విశాఖపట్నం లాంటి బడి మరొకటి లేదని నా నమ్మకం. ఒకవైపు సముద్రం, మూడువైపులా కొండలు, మధ్యలో పల్లంలో ఊరు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, పడమట నరవ కొండలు. విమానాశ్రయం ఈ గిన్నె అడుగునే ఉంది. అది నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా. రన్‌వే తూర్పు పడమరలుగా, 10, 28 అంకెలతో ఉంటుంది. దక్షిణపు గాలి గట్టిగా వీచే రోజున యారాడ కొండ దాటి వచ్చే గాలి సాఫీగా రాదు. ఏట్లో బండరాయి వెనక నీళ్లు సుడి తిరిగినట్టు, కొండకు ఇవతల గాలి సుడులు తిరుగుతుంది. విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) ఒక్క వైపు నిలబడకుండా అటూ ఇటూ ఊగుతోందంటే ఆ సుడులు కిందికి దిగాయని అర్థం.

గాజువాక దాటాక ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీలు కనిపిస్తాయి. వాటి పొగను మీరు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఇకనుంచి మరోలా చూడండి. చలికాలం ఉదయం ఏడింటికి ఆ పొగ పైకి పోదు. కొంత ఎత్తు లేచి, ఎవరో చేత్తో అదిమినట్టు ఆగి, పలచటి దుప్పటిలా అడ్డంగా పరుచుకుంటుంది. నేల రాత్రంతా చల్లబడింది, దాని మీది గాలీ చల్లబడింది, ఆపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంది. అలాంటి ఉదయం గాలి నిశ్చలంగా ఉంటుంది, విమానం నూనె పూసినట్టు సాగుతుంది. కానీ చూపు ఆనదు. ఊరి పొగ, పోర్టు దుమ్ము, సముద్రపు తేమ అన్నీ ఆ మూత కింద గిన్నెలోనే ఉండిపోతాయి. నేల మీద నిలబడి నిటారుగా పైకి చూస్తే నీలాకాశం కనిపిస్తుంది. పైకి లేచి ఏటవాలుగా ముందుకు చూస్తే పాలలాంటి తెలుపు తప్ప కొండ అంచు కనిపించదు. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే.

అదే పొగను మే నెల మధ్యాహ్నం రెండింటికి చూడండి. పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి పైకి ఎగిసి ఒకసారి నేలకేసి దిగుతూ పోతుంది. నేల కాగి గాలి బుడగలు బుడగలుగా లేస్తోంది, మధ్యలో చల్లగాలి దిగుతోంది. పొగ పడుతున్న అవస్థే మీ విమానమూ పడుతుంది. ఆ వేళకు మరో ఇబ్బంది కూడా తోడవుతుంది. 38 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. ప్రమాణంగా తీసుకునే 15 డిగ్రీల మీద ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు కలుపుకుంటూ పోతే, సముద్రమట్టంలో ఉన్న మన రన్‌వే మీదే విమానం దాదాపు 2,760 అడుగుల కొండ మీద ఉన్నట్టు పరిగెడుతుంది. లేవడానికి ఎక్కువ దూరం కావాలి, లేచాక నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే వేసవిలో నా ఓటు ఎప్పుడూ ఉదయానికే.

సముద్రపు గాలికి ఒక వేళ ఉంది. రాత్రి నేల మీంచి నీళ్ల మీదికి వీచిన గాలి, పొద్దెక్కి నేల వేడెక్కాక, పది పదకొండింటి ప్రాంతంలో తిరగబడుతుంది. మీరు తొమ్మిదింటికి ఒక దిక్కుగా లేచి, పదకొండింటికి దిగడానికి వచ్చేసరికి అదే రన్‌వే మీద గాలి వెనకనుంచి తోస్తూ ఉండొచ్చు. బయట లంగరేసిన ఓడలు ముక్కులు తిప్పుకున్నాయేమో చూడటం తీరంలో పెరిగినవాళ్లకు చిన్నప్పటి ఆట. పైనుంచి కూడా ఆ ఆట పనికొస్తుంది.

ఇంతకన్నా ఎక్కువ భయపడాల్సింది ఏప్రిల్, మే నెలల సాయంత్రాలకు. మధ్యాహ్నం అరకు, పాడేరు వైపు కొండల మీద కాలీఫ్లవర్ పువ్వుల్లా మబ్బులు లేస్తాయి. మూడింటికి తల నెరిసి, నాలుగింటికి ఆ తల దాగలిలా చదునై, అవి కొండ దిగి తీరానికి నడుస్తాయి. ఆ తల చదునైందంటే అది క్యుములోనింబస్, అంటే ఉరుముల మబ్బు. దాని కిందికే కాదు, దరిదాపులకు కూడా పోకూడదు.

ఈ మాట నాకు సొంత అనుభవంతో ఒంటబట్టింది. శిక్షణ రోజుల్లో, పేరు అవసరం లేని ఒక మైదానంలో, ఏప్రిల్ సాయంత్రం. పడమట మబ్బు ఉంది. దూరంగానే ఉంది, నా అంచనాలో ఇరవై కిలోమీటర్ల పైన. అరగంట తిరిగి దిగిపోవచ్చని బయల్దేరాను. పన్నెండో నిమిషానికి దిగువన ఎర్రటి గోడలా దుమ్ము కదులుతూ కనిపించింది. మబ్బు ఇంకా దూరంగానే ఉంది, మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. మబ్బు లోంచి దిగిన చల్లగాలి నేలను తాకి, మబ్బు కన్నా ఎంతో ముందుగా పరిగెత్తుకొచ్చింది. దిగేటప్పుడు ఎడమ రెక్క లేచిపోయింది. స్టిక్‌ను చివరిదాకా నెట్టినా రెక్క ఒక క్షణం మాట వినలేదు. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. చక్రాలు నేలను తాకాక చేతులు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది. తప్పు పూర్తిగా నాదే. మబ్బు ఎంత దూరంలో ఉందో కొలిచాను, దాని గాలి ఎంత దూరం వస్తుందో కొలవలేదు. ఉరుముల మబ్బుకు కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల దూరం పాటించమని పైలట్లకు చెప్పే లెక్క ఊరికే పుట్టలేదు.

కంటితో చూసింది అయ్యాక కాగితం మీద చూడాలి. విమానాశ్రయాలు అరగంటకో గంటకో మెటార్ అనే పొట్టి నివేదిక ఇస్తాయి. రాబోయే గంటల అంచనా టాఫ్‌లో ఉంటుంది. మన ఊళ్లోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. వాతావరణ శాఖ రాడార్ బొమ్మలు, ఇన్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. ఇంత సమాచారం చేతిలో ఉంది. దాన్ని లెక్కగా మార్చుకోవడం మాత్రం మన పని.

ఒక నివేదిక ఇలా ఉందనుకోండి: గాలి 220 డిగ్రీల నుంచి 14 నాట్లు, ఉధృతి (ఉన్నట్టుండి ఎగిసే గాలి) 24. చూపు 6 కిలోమీటర్లు. ఉష్ణోగ్రత 31, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) 25. మీరు 28 రన్‌వే మీద, అంటే 280 డిగ్రీల దిక్కుగా దిగాలి. గాలికీ రన్‌వేకీ మధ్య కోణం 60 డిగ్రీలు. ఇక్కడ గడియారం ముఖం గుర్తు తెచ్చుకోండి. కోణం 15 అయితే పావు, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 అయినా, దాటినా మొత్తం గాలినీ అడ్డగాలిగానే లెక్కపెట్టాలి. అంటే ఇక్కడ 14 నాట్ల అడ్డగాలి, ఉధృతి వచ్చినప్పుడు 24. చాలా చిన్న విమానాల పుస్తకాల్లో పరీక్షించి చూపిన అడ్డగాలి 10 నుంచి 15 నాట్ల మధ్య ఉంటుంది. దాన్ని చేసి చూపింది కంపెనీ టెస్ట్ పైలట్. ఆ నివేదిక మీ సంగతి ముందే తేల్చేసింది.

మబ్బు ఎత్తు ఎంతో చెప్పేవాళ్లు లేకపోతే ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేయండి. 31 లోంచి 25 పోతే 6. డిగ్రీకి 125 మీటర్ల చొప్పున 750 మీటర్లు. గుత్తుల మబ్బు అడుగు సుమారు ఆ ఎత్తున మొదలవుతుంది. తేడా ఒక డిగ్రీకి దిగితే పొగమంచు గుమ్మంలో ఉన్నట్టే. లంబసింగి, అరకు లోయల్లో డిసెంబరు ఉదయాలు అలాంటివే.

చట్టం ఒక గీత గీసింది. కంటిచూపు మీద ఆధారపడి ఎగిరేవాళ్లకు కనీసం 5 కిలోమీటర్ల చూపు ఉండాలి, విమానాశ్రయం మీద మబ్బు అడుగు 1,500 అడుగులకు తగ్గకూడదు, చీకటి పడ్డాక ఎగరకూడదు. ఆ గీత వేల గంటలు ఎగిరినవాడికీ నిన్న లైసెన్సు తీసుకున్నవాడికీ ఒక్కటే. కాబట్టి మీ గీత మీరు గీసుకోవాలి, దానికన్నా ఎత్తున. ఎలాగన్నది పోర్టును చూసి నేర్చుకోవచ్చు. పోర్టు హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. తుఫాను వచ్చాక ఏ నంబరు పెట్టాలో అధికారులు కూర్చుని కొత్తగా ఆలోచించరు. ఏ పరిస్థితికి ఏ నంబరో ముందే రాసి ఉంది. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు స్థానికం. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నంబరు చూడగానే పడవవాడికి ఏం చేయాలో తెలుసు.

అలాంటి నంబర్లు మీకూ ఉండాలి. లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేవి ఇవి: గాలి 12 నాట్లు, అడ్డగాలి 7, ఉధృతికీ మామూలు గాలికీ తేడా 5. చూపు 8 కిలోమీటర్లు. మబ్బు అడుగు 2,500 అడుగులు. వీటిలో ఒక్కటి తప్పినా ఆ పూట లేదు. రెండు అంకెలు గీత దగ్గరగా తచ్చాడుతుంటే ఒకటి తప్పినట్టే లెక్క. యాభై గంటలు ఎగిరాక, పక్కన గురువును కూర్చోబెట్టుకుని అడ్డగాలిలో దిగడం సాధన చేశాక, ఒక్కో అంకె కాస్త సడలించుకోండి. ఆ సడలింపు ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. విమానం పక్కన నిలబడి ఏ అంకెనూ మార్చకూడదు.

ఎందుకంటే విమానం పక్కన నిలబడేసరికి మనం వేరే మనుషులం అయిపోతాం. డబ్బు కట్టేసి ఉంటాం. బావమరిదిని ఎక్కిస్తానని మాటిచ్చి ఉంటాం. అవతల మైదానంలో ఎవరో భోజనం సిద్ధం చేసి ఉంటారు. అప్పుడు కన్ను ఆకాశంలో మంచి ముక్కనే వెతుకుతుంది. మబ్బుల మధ్య ఒక వెలుగు సందు కనిపిస్తే చాలు, దారి దొరికినట్టే అనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద తీరం దాటిన మధ్యాహ్నం గుర్తుందా? గంటకు 180 కిలోమీటర్ల గాలి చెట్లను కూల్చి, విమానాశ్రయం కప్పును చీల్చి, ఉన్నట్టుండి ఆగింది. తుఫాను కన్ను మన మీదికి వచ్చిన సమయమది. ఆ కాసేపటి నిశ్శబ్దంలో అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్లున్నారు. తరవాత గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. మబ్బుల మధ్య వెలుగు సందును చూసినప్పుడల్లా ఆ మధ్యాహ్నాన్ని తలచుకోండి.

2009 సెప్టెంబరు 2 మనందరికీ గుర్తున్న రోజు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బేగంపేట నుంచి హెలికాప్టర్లో బయల్దేరారు. నల్లమల మీద వర్షపు మబ్బులు. ఆ మర్నాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు, అయిదుగురి దేహాలు దొరికాయి. క్యుములోనింబస్ అన్న మాట చాలామంది తెలుగువాళ్లు మొదటిసారి విన్నది ఆ వారంలోనే. ప్రమాదం మీద వచ్చిన విచారణ నివేదికలో ఒక సంగతి ప్రతి పైలటూ చదవాల్సింది. ఒక ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక విషయం తేల్చుకోవడంలో సిబ్బంది చాలా నిమిషాలు మునిగిపోయారు. అదే సమయంలో హెలికాప్టర్ చెడు వాతావరణంలోకి వెళ్లి, బలంగా కిందికి దిగే గాలిలో అదుపు తప్పింది. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్న యంత్రమది. చెడు వాతావరణం మన దృష్టినంతా అడుగుతుంది. సరిగ్గా అదే వేళకు మరో చిన్న సమస్య వచ్చి దాన్ని సగం లాగేసుకుంటుంది. ఒంటరిగా చిన్న విమానంలో ఉన్నవాడికి ఇచ్చుకోవడానికి ఆ రెండో సగం లేదు.

లేచాక కూడా వద్దనుకునే హక్కు ఉంటుంది. ముందు కొండ అంచు మసకబారితే, అనుకున్న ఎత్తుకన్నా కిందికి దిగితే తప్ప నేల కనిపించకపోతే, వచ్చిన దారినే వెనక్కి తిరగండి. వచ్చిన దారి బాగుందని మీకు తెలుసు, అయిదు నిమిషాల కిందట మీరే చూశారు. 'ఇంకొంచెం ముందుకెళ్లి చూద్దాం' అనిపించిన మొదటిసారే తిరగాలి. రెండోసారి అనిపించేసరికి వెనక దారి కూడా మూసుకుపోయి ఉండొచ్చు. తిరిగి వచ్చినవాణ్ణి చూసి ఎవరైనా నవ్వితే ఆ మైదానం మార్చండి. ఈ మాట నిండు మనసుతో చెబుతున్నాను.

ఈ రాత్రి ఒక పోస్టుకార్డంత అట్టముక్క తీసుకోండి. గాలి, అడ్డగాలి, ఉధృతి, చూపు, మబ్బు ఎత్తు, ఉరుముల మబ్బుకు దూరం, ఈ ఆరూ రాసి ఎదురుగా మీ అంకెలు వేయండి. మీ గురువుకు చూపించి సంతకం పెట్టించండి, కింద తేదీ వేయండి. నకలు ఒకటి ఇంట్లో అమ్మకో, నాన్నకో, మీ ఆవిడకో, మీ ఆయనకో ఇచ్చి, ఉదయం బయల్దేరేముందు ఆ ఆరు అంకెలూ మిమ్మల్ని అడగమనండి. అసలుది లాగ్‌బుక్ మొదటి పేజీకి అంటించండి.